తొలిరుచి పట్టీ

భీమిలి దగ్గర సముద్రం మీద స్తంభాల ఊరు వెలిసి ఒక తరం గడిచింది. పొద్దున్నే అక్కడి ట్రామ్ ఎక్కిన కొత్తవాళ్ళు కాస్త కంగారుపడతారు. నడివయసు గుమస్తా ఒకాయన ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని పరవశంగా కళ్ళు మూసుకుంటాడు. రోజూ తినే ఇడ్లీయే. పక్కనున్నావిడ రోజూ చూసే సముద్రాన్నే చూసి "అబ్బ!" అంటుంది. వాళ్ళ మణికట్టుకి అంటించిన పల్చని పట్టీయే దీనికంతటికీ కారణం. దాని పేరు తొలిరుచి.

మన ఒంట్లో ప్రతి కణం పైపొర మీదా గ్రాహకాలుంటాయి. సంకేత రసాయనం ఏదైనా వచ్చి గ్రాహకాన్ని అంటుకుంటే కబురు లోపలికి అందుతుంది. అదే కబురు పదే పదే వస్తుంటే కణం విసిగిపోతుంది. పైపొరని లోపలికి మడిచి, గ్రాహకాన్ని చిన్న తిత్తిలో వేసుకుని లాగేసుకుంటుంది. ఆ తిత్తి పేరు ఎండోసోమ్. అక్కడికి చేరిన గ్రాహకాల్లో కొన్ని మళ్ళీ పైకి వస్తాయి, కొన్ని లైసోసోమ్ అనే అరిగించే సంచిలో పడి కరిగిపోతాయి. పైన గ్రాహకాలు తగ్గినకొద్దీ కణానికి ఆ కబురు వినబడదు. తొలిరుచిలోని సూక్ష్మయంత్రాలు ఆ తిత్తుల్ని దారి మళ్ళించి, గ్రాహకాలని తిరిగి పైపొరకి చేరుస్తాయి. అప్పుడు ప్రతి ముద్దా మొదటి ముద్దే.

దాన్ని కనిపెట్టింది భ్రమరాంబ, దేవసహాయం. ఇద్దరూ చదువు అయినప్పటినుంచీ ఒకే ప్రయోగశాలలో పనిచేస్తున్నారు.

అమ్మకాలు మొదలైన కొన్నాళ్ళకే ఫిర్యాదులు వచ్చాయి. సంతోషంతోపాటు సిగ్గు కూడా కొత్తగా పుట్టుకొస్తోందట. చేపల తూకంలో ఏళ్ళ తరబడి మోసం చేస్తున్న వ్యాపారి ఒకడు కాటా ముందు కూలబడి ఏడ్చాడు. పెళ్ళాన్ని కసురుకోవడం అలవాటైపోయిన మొగుడొకడు ఇంటికి వెళ్ళలేక రేవులో కూర్చున్నాడు.

కంపెనీ మేనేజరు నందకిశోర్ భ్రమరాంబకి ఫోన్ చేశాడు. "మేడమ్, జనం దీన్ని కొన్నది సంతోషం కోసం, ఏడవడానికి కాదు. సిగ్గు గ్రాహకాల్ని ముట్టుకోని రెండో రకం తయారుగా ఉంది. ఇవాళ మీరు ఊఁ అంటే చాలు."

"ముందు నేనోసారి అంటించుకుని చూస్తాను."

"ఇన్నాళ్ళూ మీరు పెట్టుకోనేలేదా? రుచి చూడకుండానే మాకు వడ్డించేశారన్నమాట!"

"మడి వంటలో అంతేనయ్యా. దేవుడికి పెట్టకముందు రుచి చూడం."

మర్నాడు స్నానం చేసి, పట్టీ అంటించుకుని పూజకి కూర్చుంది. హారతి వెలుగులో అమ్మవారి ముఖం చిన్నప్పుడు మొదటిసారి చూసినట్టే కనిపించింది. చక్కెరపొంగలి నోట్లో పెట్టుకోగానే కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి వస్తువుని తయారుచేశామా అనుకుంది.

అంతలో దేవసహాయం వచ్చాడు. పట్టీ ఎలా పనిచేస్తోందో రాసుకోవడానికి రమ్మని ఆవిడే పిలిచింది. ఎప్పటిలాగే వరండాలో బల్లమీద కూర్చున్నాడు. వంటింటి యంత్రం కాఫీ పళ్ళెం పట్టుకుని వచ్చింది. ఆవిడకి ఇత్తడి గ్లాసు, ఆయనకి నీలం గీత ఉన్న గాజు గ్లాసు.

భ్రమరాంబ ముఖం ఒక్కసారిగా మండింది.

"ఈయనకి ఈ గ్లాసేమిటి?"

"ఇది దేవసహాయంగారి గ్లాసమ్మా," అంది యంత్రం. "నన్ను తెచ్చిన రోజే మీరు చెప్పారు. విడిగా కడిగి, కిటికీలో పెట్టమన్నారు."

నిజమే. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మ చేసేది. అమ్మ పోయాక, పూలు గుచ్చుకుంటూ, దండ మీంచి చూపైనా తిప్పకుండా, యంత్రానికి ఆ మాట తనే చెప్పింది. ఇన్నేళ్ళ పూజలో ఈ సిగ్గు ఒక్కసారైనా ఎందుకు కలగలేదు? రోజూ అవే మంత్రాలు వినీ వినీ తన కణాలు వాటిని కూడా వినడం మానేశాయా?

"దేవసహాయంగారూ, మీకు... తెలుసా?"

"గ్లాసు సంగతా? తెలుసండీ." ఆయన ఓ గుక్క తాగాడు. "మొదట్లో ఇక్కణ్ణించి ఇంటికెళ్తే అన్నం సహించేది కాదు. 'సిగ్గులేదా నీకు, మళ్ళీ ఆళ్ళింటికే ఎల్తావు' అని మా ఆవిడ తిట్టేది. తర్వాత అలవాటైపోయింది. గ్రాహకాలు లోపలికెళ్ళిపోయాయి, మన భాషలో చెప్పాలంటే." నవ్వాడు. ఆవిడ నవ్వలేకపోయింది.

గబగబా లోపలికి వెళ్ళి, వాళ్ళ నాన్నగారి వెండి గ్లాసులో కాఫీ పోసి తెచ్చింది. తొందరలో కొంచెం ఒలికింది కూడా. ఆయన అందుకుని తాగాడు.

"బాగుందండీ."

"అంతేనా?"

"కాఫీయే కదండీ!"

ఆయన మొహంలో ఇంకేదో కనబడుతుందని తను ఎదురుచూసినట్టు భ్రమరాంబకి అప్పుడు తెలిసింది. అందుకు ఇంకా సిగ్గుపడింది.

"మీరూ పట్టీ వేసుకోండి. నేను మనస్ఫూర్తిగా ఇస్తున్నానని అప్పుడైనా తెలుస్తుంది."

దేవసహాయం గ్లాసు కిందపెట్టాడు. "నేనూ ఇంతవరకూ వేసుకోలేదు, ఎప్పుడైనా గమనించారా? మీకు సిగ్గు వచ్చిన దారినే నాకు ఆ మొదటి రోజు తిరిగొస్తుందండీ. ఇక మీ గుమ్మం ఎక్కలేను. మీ పక్కన నిలబడి పనీ చెయ్యలేను."

"అంటే, ఇప్పుడు నొప్పి లేనట్టేనా?"

"మీకు నేను చెప్పాలా? తిత్తిలోకి పోయినంత మాత్రాన గ్రాహకం ఊరుకోదు. లోపల కూర్చుని కూడా కబురు పంపుతూనే ఉంటుంది, నెమ్మదిగా. పైకి వినబడదంతే."

ఆయన క్షమిస్తే బాగుండునని ఆవిడకి ప్రాణం కొట్టుకుంటోంది. కానీ క్షమించాలంటే ఆ నొప్పిని ఆయన మొదటినుంచీ మళ్ళీ పడాలి. ఆ మాట ఎలా అడగడం? మామూలుగా అయితే సిగ్గు కాసేపటికి సద్దుమణుగుతుంది. పట్టీ సద్దుమణగనివ్వడం లేదు. ప్రతి క్షణం అది అప్పుడే తగిలినట్టు తగులుతోంది.

ఫోన్ మోగింది. "చెప్పండి మేడమ్, ఏం చేద్దాం?" అన్నాడు నందకిశోర్.

సిగ్గుని తీసెయ్యడానికి వీల్లేదు, మనుషులకి అది కావాలి అని చెబుదామనుకుంది. మాటలన్నీ సిద్ధంగానే ఉన్నాయి. అంతలో తన ఎడమచేతి గోరు పట్టీ అంచు కిందకి దూరి ఉండటం చూసింది. సగం పట్టీ అప్పటికే లేచిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకోవాలనుకుంది. వేళ్ళు మాత్రం మిగతా సగాన్ని కూడా మెల్లగా ఒలిచేశాయి.

దేవసహాయం చూశాడు. ఆవిడ చిన్నబోకుండా వెంటనే సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.

గుండెల్లో మంట తగ్గుతూ వచ్చింది. ఎంత హాయిగా ఉందో!

"థాంక్యూ మేడమ్, రెండో రకం రేపే విడుదల చేసేస్తాం," అంటున్నాడు నందకిశోర్. తను ఊఁ అన్నది ఎప్పుడో భ్రమరాంబకి తెలియనే లేదు.