నాలుగింటికి వెళ్ళాల్సిన జాబితా

"ఈ సాయంత్రం నాలుగు దాటితే నా కొడుకుని చంపేస్తారు," అన్నాడు చీఫ్. "కూర్చో."

అల్లుడు కూర్చున్నాడు.

అల్లుడు అనేది డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన కోడ్‌నేమ్. బుర్ర బద్దలు కొట్టుకుని కనిపెట్టిన పేరేం కాదు. అతను చీఫ్ కూతుర్ని చేసుకున్నాడు, అంతే. ఆఫీసులో మాత్రం చీఫ్‌ని సార్ అనే పిలవాలని చేరిన రోజే ఆర్డరైంది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా నోరు జారలేదు.

టైమ్ ఒంటిగంటా పది. టేబుల్ మీద ఒక నీలం రంగు మెకానిక్ యూనిఫారం మడతపెట్టి ఉంది.

"ఊరి చివర ఫర్నిచర్ ఎగుమతి ఆఫీసు," చీఫ్ మొదలుపెట్టాడు. "ముందు గదిలో సోఫాలు, వెనక గదిలో గూఢచారులు. యజమానిని మన ఫైళ్ళలో సోఫాసెట్ అంటాం. వాళ్ళ ముఠాలో దూరిన మన మనిషెవరో అతను కనిపెట్టేశాడు. ఆ జాబితా అతని లాప్‌టాప్‌లో ఉంది. నాలుగింటికి దానంతటదే విదేశంలో ఉన్న వాళ్ళ హెడ్డాఫీసుకి వెళ్ళిపోతుంది. జాబితా అన్నానే గానీ, అందులో ఉన్నది ఒక్క పేరే."

"డ్రైవర్," అన్నాడు అల్లుడు.

"డ్రైవర్."

డ్రైవర్ చీఫ్‌కి ఒక్కగానొక్క కొడుకు. అల్లుడికి స్వయానా బావమరిది. ఆరేళ్ళుగా ఆ హెడ్డాఫీసులో పెద్దాయన కారు నడుపుతున్నాడు. పెళ్ళిలో బావగారి చెప్పులు దాచి, చివరికి ఎక్కడ దాచాడో తనే మర్చిపోయిన ఘనుడు. అలాంటివాణ్ణి గూఢచారిగా ఎవరు ఎంపిక చేశారని అత్తగారు ఇప్పటికీ అడుగుతుంది. ఎంపిక చేసిన మనిషి తల వంచుకుని అన్నం తింటాడు.

"సార్, ఇప్పుడే దాడి చేసి లాప్‌టాప్ పట్టుకొచ్చేస్తే?"

"హెడ్డాఫీసు లైన్ తెగిపోతుంది." చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "నీకు తెలుసుగా. ప్రతి నెలా ఒకటో తారీఖున పెద్దాయన సోఫాసెట్‌కి వాయిస్ మెసేజ్ పంపిస్తాడు. కార్లో కూర్చునే రికార్డు చేస్తాడు. మనం చాటుగా వింటాం. మొదట్లో రెండుసార్లు చిన్నగా హారన్ వినిపిస్తే..."

వినిపిస్తే డ్రైవర్ బతికున్నట్టు. ఆరేళ్ళుగా ఆ కుటుంబానికి కొడుకంటే ఆ రెండు హారన్లే.

"అందుకని లైన్ ఉండాలి, పేరు పోవాలి," అన్నాడు చీఫ్. "మనకి దొరికింది ఒకే సందు. హెడ్డాఫీసు కొత్త కోడ్ సాఫ్ట్‌వేర్ పంపింది. అది వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీదే నడుస్తుందట. ఉన్నది చెరపకుండా పక్కన రెండోది ఎక్కించాలని సోఫాసెట్ మెకానిక్‌ని పిలిచాడు. ఆ మెకానిక్ మన దగ్గరే కూర్చుని టీ తాగుతున్నాడు. నువ్వెళ్ళు. రెండోది ఎక్కించు. అందులోంచి మొదటిదాని డిస్క్ తెరిచి, ఆ పేరు తీసేసి, ఇంకేదో పేరు పెట్టు."

"డిస్క్‌కి తాళం ఉంటుంది సార్. నలభై ఎనిమిది అంకెలు."

"ఆ ఆఫీసులోనే పనిచేసే మేడమ్ ఇస్తుంది."

"మేడమ్ ఎవరి మనిషి?"

"పొద్దున మన మనిషి. మధ్యాహ్నం సంగతి నాకు తెలీదు. ఎక్కించడానికి ఎంతసేపు?"

"అన్నీ కుదిరితే నలభై నిమిషాలు."

"కుదరకపోతే?"

ఎప్పుడైనా ఒక లాప్‌టాప్‌లో రెండో సిస్టమ్ ఎక్కించడానికి కూర్చున్నవాళ్ళెవరూ ఈ ప్రశ్నకి జవాబు చెప్పరు. అల్లుడు యూనిఫారం చంకన పెట్టుకుని లేచాడు.

కింద ల్యాబ్‌లో అక్క అతనికో లావుపాటి స్క్రూడ్రైవర్ ఇచ్చింది. పిడి తిప్పితే లోపల పెన్‌డ్రైవ్. అక్క అంటే తోడబుట్టింది కాదు, డిపార్ట్‌మెంట్‌లో అందరికీ అక్కే. అందరినీ తిడుతుంది కూడా.

"అంతా అయ్యాక గడియారం సరిచెయ్యి," అంది. "ఒకే లాప్‌టాప్‌లో రెండు సిస్టమ్‌లుంటే టైమ్ దగ్గర తోడికోడళ్ళలా కొట్టుకుంటాయి. ఒక్క లైన్ కమాండ్. ప్రతిసారీ మర్చిపోయి నాతో తిట్లు తింటావు."

"ఈసారి మర్చిపోనక్కా," అని అల్లుడు బయల్దేరాడు.

రెండున్నరకి ఫర్నిచర్ ఆఫీసు తలుపు తట్టాడు. ముందు గదిలో పన్నెండు సోఫాలు, ఒక్కదానికీ ప్లాస్టిక్ కవర్ తియ్యలేదు. వాటి మధ్య పొడవాటి ఎర్రకోటు, హైహీల్స్, గదంతా సెంటు వాసన. మేడమ్.

"లాప్‌టాప్ బరువుగా ఉందా అండీ?" అన్నాడు అల్లుడు. అది కోడ్.

"బరువేం లేదు, మొండిది," అంది మేడమ్. అది జవాబు. కోడ్ అయినా ఇంత పచ్చి నిజం ఈ వృత్తిలో ఇంకెవరూ పలికి ఉండరు.

వెనక గదిలో సోఫాసెట్ పేపర్ చదువుతున్నాడు. అరవై దాటిన మనిషి, నిండైన విగ్రహం. కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. పేపర్ కింద నల్లగా ఏదో ఉంది. అదేమిటో అడగాల్సిన అవసరం లేదు.

"నాలుగింటికి నాకు పాత సిస్టమ్‌లో పనుంది. ఈలోగా కొత్తది ఎక్కాలి. పాతదానికి చిన్న గీత పడినా ఊరుకోను."

"గీత పడదు సార్," అని అల్లుడు పెన్‌డ్రైవ్ గుచ్చాడు.

ఆదిలోనే హంసపాదు. లాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ కనపడలేదు. ఎడమ పక్క రంధ్రంలో పెట్టాడు, కుడి పక్క పెట్టాడు, తీసి తుడిచి పెట్టాడు. చివరికి తెలిసిందేమిటంటే, తెలియని సిస్టమ్‌ని గుమ్మం తొక్కనివ్వని కాపలా ఒకటి లోపల సెట్టింగుల్లో ఉంది. దాన్ని ఆపాడు. ఆపగానే పాత సిస్టమ్‌కి అనుమానం వచ్చి, నలభై ఎనిమిది అంకెలూ చెప్తే గానీ తెరుచుకోనంది.

"గోడవైపు తిరుగు," అన్నాడు సోఫాసెట్. జేబులోంచి కాగితం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ఒంటివేలితో అంకెలు కొట్టాడు. మధ్యలో రెండుసార్లు తప్పు పోయింది. అల్లుడు గోడకున్న మేకుని చూస్తూ నిలబడ్డాడు. పన్నెండు నిమిషాలు బూడిదలో పోసిన పన్నీరు.

తర్వాత డిస్క్‌లో చోటు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. చోటు ఖాళీ అయ్యాక స్క్రీన్ నల్లబడి ఊరుకుంది. ఆపి, మళ్ళీ వేసి, స్క్రీన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని పక్కన పెట్టమని తెరుచుకునే ముందే లాప్‌టాప్‌కి చెప్పాడు. అప్పటికి గానీ వెలుగు రాలేదు. ఇన్‌స్టాలేషన్ అరవై రెండు శాతం దగ్గర ఆగింది. ఆగిందంటే ఆగినట్టే, గుడ్లప్పగించి చూస్తున్నట్టు. అల్లుడు లోపల్లోపల తనకి తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచాడు. వాళ్ళలో ఎవరికీ కంప్యూటర్ రాదు కాబోలు, ఆరు నిమిషాలు పట్టింది.

మూడూ ముప్పై నాలుగుకి పూర్తయిందని మెసేజ్ వచ్చింది. రీస్టార్ట్ చేశాడు. లాప్‌టాప్ తిన్నగా పాత సిస్టమ్‌లోకే వెళ్ళిపోయింది. కొత్తది ఒకటి పక్కన ఉందన్న స్పృహే లేదు దానికి.

"ఎక్కిందా?" అన్నాడు సోఫాసెట్.

"ఎక్కింది సార్. కనపడట్లేదు."

"కనపడకపోతే ఎక్కిందని ఎట్లా అంటావయ్యా?"

ప్రశ్న న్యాయమైనదే. అల్లుడు మళ్ళీ సెట్టింగుల్లోకి వెళ్ళి, వరసలో కొత్తదాన్ని ముందుకి జరిపాడు. మూడూ నలభై ఒకటికి రెండు పేర్లతో మెనూ వచ్చింది. కొత్తది నొక్కాడు. తెరుచుకుంది. ఆఫీసు నెట్‌కి కలిపి, కోడ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి చూపించాడు. సోఫాసెట్ తృప్తిగా తలూపి కళ్ళజోడు తీసేశాడు. అద్దాల్లేకపోతే స్క్రీన్ మీద అక్షరాలు అతనికి చీమల బారు. అల్లుడు ఆ సంగతి మొదట్లోనే గమనించాడు.

మేడమ్ వచ్చి ఎదురుగా నిలబడి పౌడర్ డబ్బా తెరిచింది. అద్దం ఆమె వైపు, మూత అల్లుడి వైపు. మూత మీద చిన్న స్టిక్కర్, స్టిక్కర్ మీద సన్నటి అంకెలు.

"చివరి చెకింగ్ సార్," అని అల్లుడు అంకెలు కొట్టాడు. నలభై ఎనిమిది.

తప్పు, అంది లాప్‌టాప్.

మళ్ళీ కొట్టాడు, ఒక్కో అంకె లోపల చదువుకుంటూ. తప్పు. తలెత్తి మేడమ్‌ని చూశాడు. మేడమ్ మొహం పాలిపోయింది. స్టిక్కర్ మీది తాళం పాతది. సోఫాసెట్ జేబులో ఉన్నది కొత్తది. మూడోసారి కొట్టడం ఉత్త పిచ్చి అని తెలిసి కూడా అల్లుడు కొట్టాడు. తప్పు.

అయిపోయింది. బావమరిది పేరు ఆ తాళం వెనక భద్రంగా ఉంది. పెన్‌డ్రైవ్‌తో, స్క్రూడ్రైవర్‌తో, పదకొండేళ్ళ సర్వీసుతో చెయ్యగలిగిందేమీ లేదు. లాప్‌టాప్‌ని నేలకేసి కొడితే? లైన్ పోతుంది, తన ప్రాణం పోతుంది, సోఫాసెట్ ఆ ఒక్క పేరుని ఫోన్లో చెప్పేస్తాడు. రాత్రి భార్య మొహం ఎలా చూడాలో అతనికి అర్థం కాలేదు. ఏడుపొచ్చింది. మెకానిక్‌లు ఏడవరు కాబట్టి ముక్కు తుడుచుకున్నాడు.

"ఇక పాతదాంట్లోకి మార్చు," అన్నాడు సోఫాసెట్. "టైమవుతోంది."

మార్చాడు. పాత సిస్టమ్ తెరుచుకుంది. గోడ గడియారంలో మూడూ యాభై ఏడు.

అప్పుడు అల్లుడి చూపు స్క్రీన్ మూలకి పోయింది. అక్కడ పదీ ఇరవై ఏడు.

అక్క తిట్లు చెవిలో మోగాయి. మర్చిపోయాడు. ప్రతిసారీ మర్చిపోయినట్టే ఈసారీ మర్చిపోయాడు. కొత్త సిస్టమ్ నెట్‌లోంచి సరైన టైమే తెచ్చుకుంది గానీ, లాప్‌టాప్ లోపలి గడియారంలో ప్రపంచానికంతటికీ ఒకటైన టైమ్ రాసిపెట్టింది. పాతది దాన్నే ఈ ఊరి టైమ్ అనుకుంది. రెండింటి మధ్యా తేడా అయిదున్నర గంటలు.

ముందు భయమేసింది. తర్వాత ఇంకో సంగతి తట్టింది. ఈ ముఠా లైన్ గురించి ట్రైనింగ్‌లో నూరిపోసిన సంగతి. వాళ్ళ ప్రోగ్రాం గడియారం చూసే రహస్య నంబరు తయారుచేస్తుంది. హెడ్డాఫీసులో అదే నిమిషానికి పుట్టే నంబరుతో అది కలవాలి. మూడుసార్లు కలవకపోతే, లాప్‌టాప్ శత్రువు చేతిలో పడిందని లెక్క.

సరిచెయ్యడానికి ఒక్క లైన్ చాలు. అల్లుడు చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

సోఫాసెట్ కళ్ళజోడు కోసం చెయ్యి చాపాడు. టేబుల్ మీద లేదు.

"మసకగా ఉందండీ, తుడుస్తున్నా," అంది మేడమ్. ఆమె కూడా స్క్రీన్ మూలకే చూస్తోంది. తర్వాత తన చేతి గడియారం చూసుకుంది. ఒక్క మాట చాలు. మేడమ్ ఆ మాట అనలేదు. కళ్ళజోడు మీద నోటితో ఆవిరి ఊది, నింపాదిగా కుడి అద్దం తుడవడం మొదలుపెట్టింది.

నాలుగు కొట్టింది. లాప్‌టాప్ కిక్కురుమనలేదు.

"వెళ్ళిందా?" అన్నాడు సోఫాసెట్.

"ఏది వెళ్ళాలో నాకు తెలీదు కదండీ," అన్నాడు అల్లుడు.

సోఫాసెట్ ముందుకి వంగాడు. ప్రోగ్రాం తెరిచాడు. పంపే బటన్ పెద్దదే, ఎర్రగా ఉంటుంది, అద్దాలక్కర్లేదు. నొక్కాడు. బుస్‌మని చిన్న చప్పుడు. మళ్ళీ నొక్కాడు. అదే చప్పుడు.

"సార్, కొంచెం ఆగి..." అన్నాడు అల్లుడు, నిజమైన మెకానిక్ అనాల్సిన మాట కాబట్టి. ఆ మాటకి వినేవాడు మరింత కోపంతో మూడోసారి నొక్కుతాడని ప్రతి మెకానిక్‌కీ తెలుసు.

సోఫాసెట్ మూడోసారి నొక్కాడు.

మేడమ్ అప్పుడు కళ్ళజోడు అందించింది. స్క్రీన్ మీద రెండు లైన్లు వచ్చి ఉన్నాయి. సోఫాసెట్ వాటిని పైకే చదివాడు, అంత పెద్ద మనిషికి అంత చిన్న గొంతు ఉంటుందని ఎవరూ అనుకోరు.

"ఈ ఆఫీసు శత్రువు చేతిలో పడింది. ఇకపై ఇక్కణ్ణుంచి ఏ దారిలో, ఎవరి నోట వచ్చిన మాటయినా అబద్ధంగానే భావించాలి. లైన్ శాశ్వతంగా మూసివేయడమైనది."

సోఫాసెట్ ఫోన్ తీసి నంబరు నొక్కాడు. అవతల ఎవరూ ఎత్తలేదు. పేపర్ కింది నల్లటి వస్తువు తీసి జేబులో పెట్టుకున్నాడు గానీ అల్లుడి వైపు చూడనైనా లేదు. తన వాళ్ళే తనని వెతుక్కుంటూ ఎంతసేపట్లో వస్తారో లెక్క వేసుకుంటున్న మనిషికి మెకానిక్‌తో పనేముంది?

"నువ్వు పోవయ్యా," అన్నాడు.

సోఫాల మధ్య మేడమ్ గుమ్మం దాకా వచ్చింది.

"ఆ స్టిక్కర్ మీది తాళం నిన్నటిది. పొద్దున మార్చాడట, నాకూ ఇప్పుడే తెలిసింది," అంది.

"గడియారం చూసి కూడా ఎందుకు చెప్పలేదు?"

"నాలుగున్నరకి మా అమ్మాయిని స్కూల్ నుంచి తీసుకురావాలి. మీరు దాన్ని సరిచేస్తూ కూర్చుంటే నాకు ఆలస్యమయ్యేది." ఎర్రకోటు గుండీలు పెట్టుకుంటూ ఆమె రోడ్డు దాటింది. అది నిజమో, ఇంకేదైనా నిజమో అతనికెప్పటికీ తెలియలేదు.

అయిదింటికి చీఫ్ రిపోర్టు చదివాడు. చదివినదే రెండోసారి చదివాడు.

"అంటే, వాడి పేరు వాళ్ళకి చేరినా ఇక నమ్మరు."

"నమ్మరు సార్."

"బతుకుతాడు."

"బతుకుతాడు."

"లైన్ పోయింది."

అల్లుడు గోడ మీది క్యాలెండర్ చూశాడు. ఇవాళ ఇరవై తొమ్మిది. ఎల్లుండి ఒకటో తారీఖు. హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నా ఈసారి ఏమీ వినపడదు. ఆ తర్వాతి నెలా వినపడదు. డ్రైవర్ అక్కడ హారన్ కొడుతూనే ఉంటాడు, ఇక్కడ వింటున్నారనుకుని.

"మీ అత్తకి ఏం చెప్పను?" అన్నాడు చీఫ్. కళ్ళల్లో నీళ్ళు నిండాయి, తుడుచుకోలేదు. "బాగున్నాడని చెప్పాలా? ప్రతి నెలా అబద్ధం ఆడాలా? ఆరేళ్ళలో ఒక్క ఒకటో తారీఖూ ఈ కుర్చీ వదల్లేదు నేను. ఎల్లుండి ఏం చెయ్యను?"

అల్లుడు లేచి టేబుల్ చుట్టూ తిరిగి చీఫ్ పక్కకి వచ్చాడు. పదకొండేళ్ళ ఆర్డరు మొదటిసారి తప్పాడు.

"ఎల్లుండి మా ఇంటికి రండి మామగారూ. మీ అమ్మాయి లాప్‌టాప్‌లో రెండో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించమని ఏడాదిగా నన్ను పీక్కుతింటోంది. ఇద్దరం పొద్దున్నే కూర్చుందాం. ఏ ఆలోచనా లేకుండా రోజంతా గడిచిపోతుంది, ఆ పూచీ నాది."