బాప్తిస్టుల కొండ మీద గ్రహణం

1979 ఫిబ్రవరి 26... శివరాత్రి వెళ్లిన మర్నాటి అమావాస్య... ఉదయం ఎనిమిది గంటలు!

వాషింగ్టన్ రాష్ట్రంలో కొలంబియా నది ఒడ్డున ఉన్న ఆ బోడికొండ మీద, సూర్యబింబాన్ని రాహువు అంచు నుంచి కొరుకుతున్నాడు. వెలుతురు చిలుము పట్టిన రాగిచెంబులా మారిపోయింది. పట్టపగలే గుడ్లగూబ కూసింది! ఎముకలు కొరికే గాలి ఎండుగడ్డిలో హూ... హూ... అని రోదిస్తోంది.

కొండ మీద నలభై సమాధిరాళ్లున్నాయి. అవి నూట ముప్పై ఏళ్ల కిందట ఎడ్లబండ్లు కట్టుకుని రెండువేల మైళ్లు వచ్చి, ఇక్కడ మొట్టమొదటి చెక్క ఇళ్లు కట్టుకున్న బాప్తిస్టు సంఘంవాళ్లవి. ఒకే ఒక్క చలికాలంలో విషజ్వరం ఆ ఊరిని ఊడ్చేసింది. ఇళ్లూ చర్చీ కూలిపోయి రాళ్లు మాత్రం మిగిలాయి.

ఆ రాళ్ల నడుమ, రక్తవర్ణపు ముగ్గులో జుట్టు విరబోసుకుని కూర్చుంది నళిని. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం ఈ లోకంలో లేదు. ఆమె ఎదుట కుంకుమ పూసిన కపాలం!

దాన్ని తవ్వి తెచ్చిందెవరనుకున్నారు? ఆమె మొగుడే! నది మీది డ్యాంలో ఇంజనీరు, భీమశంకర్. నళినికి మూడు గర్భాలు నిలవలేదు, ఇప్పుడు నాలుగోసారి నాలుగో నెల. ఈసారైనా బిడ్డ దక్కాలని, ఇండియా నుంచి వచ్చిన కొండల్ రావు అనే మాంత్రికుడి కాళ్ల మీద పడ్డాడు. పాపం, అతన్ని తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. దహనం కాని శవమై, పిండం పెట్టే దిక్కులేని ప్రేతమైతే చెప్పిన చాకిరీ చేస్తుందనీ, దాన్ని గర్భానికి కాపలా పెడతాననీ ఆ మాంత్రికుడు నమ్మించాడు. సరేనని భీమశంకర్ మొన్న సాయంత్రం 'హన్నా' అని చెక్కిన రాయి కింద తవ్వాడు. ఇరవై రెండేళ్లకు కాన్పులో పోయిందని ఆ రాయి మీదే ఉంది. కపాలం ఇంటికొచ్చినప్పటి నుంచి నళిని అన్నం ముట్టలేదు. గొంతు కూడా మారిపోయింది.

కాపలానా... నా బొందా! ఆ నీచుడికి కావలసింది తన మాట జవదాటని ప్రేతదాసి, అది కాపురం ఉండటానికి ఒక సజీవ దేహం! ముగ్గు బయట తన కాళ్లు నేలకు అతుక్కుపోయాక గానీ భీమశంకర్‌కి ఆ సంగతి అర్థం కాలేదు.

"కొండల్ రావు గారూ, మాకు బిడ్డ వద్దండీ. నళినిని వదిలేయండి, ఇంటికెళ్లిపోతాం."

"నోర్మూసుకో శంకరం. మట్టిలో పూడ్చిపెట్టిన వాళ్లకి దిక్కెవరోయ్? ఒక్కత్తిని పిలిస్తే ఒక్కతే వస్తుంది" అన్నాడు కొండల్ రావు.

రాహువు సూర్యుణ్ణి పూర్తిగా మింగేశాడు! పగటి ఆకాశంలో నక్షత్రాలు! ఎక్కడో ఫెళఫెళమని ఉరుము! "హన్నా... ఆగచ్ఛ... ఆగచ్ఛ..." వికటాట్టహాసంతో మాంత్రికుడు కపాలం మీద నెత్తురు చిలకరించాడు.

మంత్రాలు వల్లె వేశాడు గానీ, తాను పిలిచే మనిషి ఎలాంటిదో కనుక్కోవాలన్న ఇంగితం లేకపోయింది ఆ మహానుభావుడికి! ఆ సంఘంలో ఎవరూ తమంతట తాము పోవడానికి లేదు. ఒకరు విడిచి వెళ్లాలన్నా, కొత్తవాళ్లు చేరాలన్నా సంఘమంతా కూడాలి, సంఘపెద్ద అడగాలి, సభ్యులు చేతులెత్తాలి. చావు కూడా ఆ కట్టుబాటును తెంచలేదు!

భూమి గుండె పగిలినట్టు మూలిగింది... హన్నా రాయి తప్ప, ముప్పై తొమ్మిది రాళ్ల వెనక ముప్పై తొమ్మిది ఆకారాలు! నల్లకోట్ల మగవాళ్లు, తలగుడ్డల ఆడవాళ్లు, చిన్నపిల్లలు! అరుపుల్లేవు, ఆగ్రహం లేదు. ఆదివారం ప్రార్థనకు వచ్చినట్టు వరుసగా నిలబడ్డారు.

తమ సహోదరిని పిలిచిందెవరని గడ్డమున్న సంఘపెద్ద ఇంగ్లీషులో అడిగాడు. కొండల్ రావు భస్మం చల్లాడు, కత్తి దూశాడు, తెలిసిన ఉగ్రమంత్రాలన్నీ చదివాడు. దేనికీ ఎవరూ బెదరలేదు. కొత్తగా వచ్చిన ఇతనికి బాప్తిస్మం ఇద్దామా అని పెద్ద సంఘాన్ని అడిగాడు. చేతులు లేచాయి.

కొండ పక్క వాగులో మంచుపెచ్చు పగలగొట్టి వాణ్ణి నడుములోతు దింపారు. చేసిన పాపానికి పశ్చాత్తాపపడుతున్నావా అని పెద్ద మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ వాడు బండబూతులే తిట్టాడు. అప్పుడు వెల్లకిలా ముంచారు... ముంచిన చేతులే పైకి లేపాలి. కానీ ఎవరూ లేపలేదు! నల్లటి నీళ్లలో బుడగలు కాసేపు లేచి ఆగిపోయాయి.

భీమశంకర్ కాళ్లకు కదలిక వచ్చింది. నళిని దగ్గరికి పరిగెత్తాడు. ఆమె పెదవులు కదిలాయి. మాట హన్నాది.

కన్నబిడ్డ మొహం చూడకుండా పోయాననీ, ఈ కడుపులో ప్రాణం కొట్టుకుంటోందనీ, ఇక్కడే ఉండిపోతాననీ, సెలవిప్పించమనీ వేడుకుంది. పెద్ద సంఘం వైపు తిరిగి, సహోదరిని పంపుదామా అని అడిగాడు.

"వద్దు! ఆమె నా భార్య!" భీమశంకర్ రెండు చేతులూ ఎత్తాడు.

పెద్ద అతని వైపు చాలా జాలిగా చూశాడు. "నువ్వు మా సంఘంలో సభ్యుడివా, నాయనా?"

"కాదు..."

"అయితే నీ చెయ్యి లెక్కలోకి రాదు."

ముప్పై తొమ్మిది చేతులు లేచాయి. పసివాళ్ల చేతులతో సహా! ఒక్కొక్కరే వచ్చి ఆమె కుడిచేతిని తమ చేతిలోకి తీసుకుని వీడ్కోలు చెప్పారు. భీమశంకర్ నళినీ, నళినీ అని పిలుస్తూనే ఉన్నాడు. అయ్యో, ఏ మూల నుంచీ ఆమె పలకలేదు.

రాహువు కోరల నుంచి ఒక్క సూర్యకిరణం జారింది... కొండ మీద మళ్లీ రాళ్లు మాత్రమే ఉన్నాయి.

ఆమె లేచి ముగ్గు దాటి వచ్చింది. బుగ్గల్లోకి రక్తం వచ్చింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు అతన్ని చూసి, చాలా మర్యాదగా ఇంగ్లీషులో అడిగింది.

"నాకు ఆకలిగా ఉందండీ. దగ్గర్లో ఎవరిదైనా ఇల్లుందా?"

కడుపులో ఉన్నది తన బిడ్డ. ఏం చేస్తాడు? ఏడుస్తూనే కారు తలుపు తీసి పట్టుకున్నాడు.