ఎనభై ఒక్క శాతం

2079లో సినిమాకి కథ రాయాలంటే చేత్తో రాయాలి. అది చట్టం. అంతకు ముందు ఇరవై ఏళ్లపాటు సీరియళ్లూ సినిమాలూ అన్నీ యంత్రాలే రాసి పారేశాయి. చూసి చూసి జనానికి మొహం మొత్తింది. ఇక మీదట మనుషులే రాయాలన్నారు, కాగితం మీద రాయాలన్నారు. హైదరాబాద్ శివార్లలో చిత్రకథా శిక్షణాలయం అలా వెలిసింది. అందులో చేరినవాళ్లకి మొదటి ఆర్నెల్లు కలం పట్టుకోవడం నేర్పడానికే సరిపోయేవి.

రెండో పాఠం పేరు చెవిపని. విద్యార్థి రోజూ గాలిట్రాములోనో ఆసుపత్రి వరండాలోనో కూర్చుని, చుట్టుపక్కల జనం మాటల్లోంచి పది వాక్యాలు రాసుకు రావాలి. తేకపోతే క్లాసులోకి రానివ్వరు. ఈ పద్ధతి పెట్టింది శేషగిరి. నలభై సినిమాలు రాసిన మనిషి, శిక్షణాలయానికి పెద్ద దిక్కు.

రాశాడని లోకం అనుకుంటుంది. ఆయన రాయడం ఎవరూ చూడలేదు. సాయంత్రం సిట్టింగ్‌లో ఎనిమిది మంది విద్యార్థులు వరసగా సీన్లు చెబుతారు. ఆయన పడక కుర్చీలో కళ్లు మూసుకుని ఊఁ కొడతాడు. మర్నాడు నిర్మాత దగ్గర అవే సీన్లు ఆయన నోట్లోంచి వస్తాయి. ఇది అందరికీ తెలుసు. తెలిసి ఊరుకోవడాన్నే అక్కడ గురుభక్తి అనేవారు.

వకుళ ఊరుకోలేదు. ఇరవై ఆరేళ్ల అమ్మాయి, విజయనగరం నుంచి వచ్చింది. ఆమె చెప్పిన సీను ఒకటి శేషగిరి కొత్త సినిమాలోకి అక్షరం పొల్లుపోకుండా వెళ్లిపోయింది. అది ముఖముద్ర ఆఫీసులో జరుగుతుంది. ఆ కాలంలో మనిషి చచ్చిపోతే అతని ముఖాన్ని ప్రభుత్వ జాబితాలోంచి తీయించాలి. తీయించాలంటే ఆ ముఖాన్నే కెమెరాకి చూపించాలి. ఈ రూలు పెట్టిన మహానుభావుడెవరో తెలియదు. ఓ విధవరాలు ఏడాది నుంచి ఆ కిటికీ చుట్టూ తిరుగుతోంది. గుమాస్తా, "మీ ఆయన ముఖం చూపించాలమ్మా" అంటాడు. ఆమె, "నాకే చూపించట్లేదు బాబూ, నీకేం చూపిస్తాడు?" అంటుంది.

ఆ చచ్చిపోయిన మనిషి వకుళ అన్నయ్య సన్యాసిరావు. అందుకే ఆమె ఒళ్లు మండిపోయింది. తిన్నగా వెళ్లి గురువుని అడిగింది.

"మాస్టారూ, అది మా ఇంటి చావు. దానికీ మీ పేరే వేసుకుంటారా?"

"ఇక్కడ అందరూ ఇలాగే నేర్చుకున్నారమ్మా. నేనూ అంతే" అన్నాడు శేషగిరి, కళ్లు తెరవకుండానే.

ఆ ఏడే డాక్టర్ నజీమా అనే శాస్త్రవేత్త మూలదర్శినిని తయారుచేసింది. యంత్రం బీరువాంత ఉంటుంది గానీ దాని సూత్రం తేలిక. ప్రతి మనిషికీ వేలిముద్ర ఉన్నట్టే మాటముద్ర ఉంటుందని నజీమా కనిపెట్టింది. ఏది ముందు చెబుతాం, ఏది దాస్తాం, ప్రశ్నకి జవాబివ్వకుండా ఎటు తప్పుకుంటాం అన్నది ఏ ఇద్దరికీ ఒక్కలా ఉండదు. యాస మార్చినా, పదాలు మార్చినా ఆ ముద్ర చెరగదు. జనం ఫోన్ల బదులు కట్టుకునే చేతిపట్టీలు ముప్పై ఏళ్లుగా వాళ్ల మాటల్ని కంఠనిధి అనే వాయిస్ బ్యాంకులో దాస్తున్నాయి. మూలదర్శిని స్క్రిప్టులోని ప్రతి వాక్యాన్నీ ఆ నిధిలో వెతికి, మొదట ఎవరి నోట పుట్టిందో పట్టేస్తుంది. తెర మీద పేర్లు ఆ శాతాల వరసలోనే పడాలని రచయితల సమాఖ్య ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎవరి వాటా సగం దాటినా వాళ్ల చేతిపట్టీకి కబురు దానంతటదే వెళ్లిపోతుంది.

మొట్టమొదటి ఫిర్యాదు వకుళదే. సమాఖ్య హాల్లో పదకొండు మంది సభ్యులు కూర్చున్నారు. శేషగిరి మెడలో శాలువాతో వచ్చాడు. వకుళ రాత్రంతా నిద్రపోలేదు. నూటికి తొంభై తనకే వస్తుందని, ఆ అంకె చూసి ఈయన మొహం ఎలా మాడిపోతుందో కళ్లారా చూడాలని వచ్చింది.

నజీమా సీను కాగితాలు లోపల పెట్టింది. నాలుగు నిమిషాల్లో తెర వెలిగింది.

నూకరత్నం, 81. వకుళ, 16. శేషగిరి, 3.

ఆ మూడు శాతం, సీనుకి ముందు ఆయన అదనంగా కురిపించిన వాన.

"ఈ నూకరత్నం ఎవరు?" అన్నాడొక సభ్యుడు.

"మా వదిన" అంది వకుళ. "అన్నయ్య పోయాక రోజూ ఫోన్ చేసేది. ఆఫీసులో జరిగింది చెప్పుకుని ఏడ్చేది."

"'నాకే చూపించట్లేదు' అన్న మాట కూడా ఆమే అన్నదా?"

"అంది. కానీ రాసింది నేను. ఎక్కడ ఆపాలో, ఎక్కడ మొదలెట్టాలో చూసుకున్నది నేను."

"అదే ఆ పదహారు" అంది నజీమా. ఆమె మొహం వెలిగిపోతోంది. "పదకొండేండ్లు పట్టింది నాకు. మంచిగ పనిచేసింది కదా."

హాల్లో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. పదకొండు మందిలో తొమ్మిది మంది శేషగిరి శిష్యులే. అందరూ చెవిపని చేసి పైకొచ్చినవాళ్లే. ఏ ట్రాములో పండ్లమ్మే ఏ ఆవిడ అన్న మాటకి తాము అవార్డు తీసుకున్నారో ఎవరి లెక్కలు వాళ్లు మనసులో వేసుకుంటున్నారు. గురువు దొంగ అని తేలితే సంబరపడదామని వచ్చినవాళ్లకి చెమటలు పట్టాయి. అరగంట విరామం అన్నారు. విరామం అయ్యేసరికి కొత్త తీర్మానం టైపై వచ్చింది. యంత్రంలో సాంకేతిక లోపం ఉందట, పరీక్షను రద్దు చేస్తారట. చట్టం ప్రకారం దానికి ఫిర్యాదుదారు సంతకం కావాలి.

ఆ కాగితం పట్టుకుని వరండాలో వకుళ దగ్గరికి వచ్చినవాడు శేషగిరే.

"చూడమ్మా వకుళా. నువ్వు సంతకం పెట్టకపోతే తెర మీద 'మాటలు: నూకరత్నం' అని పడుతుంది. కింద ఎక్కడో నువ్వు. నీ మొదటి సినిమా అది. ఇక మీద నీ చేత ఎవరు రాయిస్తారు? మీ వదిననే పిలిపించుకుంటారు. సంతకం పెడితే నా పేరు, నీ పేరు పక్కపక్కన. ఒకే సైజులో."

"మిమ్మల్ని చూస్తే నాకు అసహ్యం వేస్తోంది" అంది వకుళ.

"వెయ్యనీ" అన్నాడాయన. కాగితం ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

అప్పుడే చేతిపట్టీ మోగింది. కబురు విజయనగరం చేరిపోయింది.

"ఏటి వకుళమ్మా, ఎనభై ఒక్క శాతం నా మాటలంటంది. ఏటిది?" అంది నూకరత్నం.

వకుళ చెప్పింది. అడ్డూ ఆపూ లేకుండా, తన తప్పేమీ లేదన్నట్టు చెప్పింది.

"నా ఏడుపు నువ్వు రాసుకున్నావా?" అంది నూకరత్నం. "నాను ఫోన్లో ఏడుత్తుంటే నువ్వు అక్కడ రాసుకుంతన్నావా? వదినా ఊరుకో, ఊరుకో అంటా రాసుకున్నావా?"

"వదినా, అన్నయ్య నాకూ అన్నయ్యే."

"కాదని ఎవులన్నారు? నువ్వు ఆ కిటికీ కాడ నిలబడ్నావా? ఒక్క రోజు ఒచ్చేవా?"

వకుళ వెళ్లలేదు. చెవిపని మానేస్తే క్లాసులోకి రానివ్వరని వెళ్లలేదు.

"సర్లే. రాసీసినావు" అంది నూకరత్నం. గొంతులో కోపం తగ్గలేదు. "పేరు మాత్రం నాదే ఎయ్యాల. ఆ ఆపీసులో ఏడాది పాటు నన్ను ఫలానావోడి పెళ్లాం, ఫలానావోడి పెళ్లాం అనే పిలిసినారు. ఒక్కడూ నా పేరు అడగనేదు. అంత పెద్ద తెర మీద పడితే ఆళ్లూ సూత్తారు. ఎయ్యిస్తావు గదా?"

"చూస్తాను వదినా."

"సూడ్డం కాదు. ఎయ్యించు."

ఫోన్ పెట్టేసింది. వకుళ వరండాలో అలాగే నిలబడిపోయింది. మొదట గురువు మీద కోపం వచ్చింది, తర్వాత తన మీద. ఆ రెండూ ఎంతోసేపు నిలవలేదు. వదిన మీద వచ్చిన కోపం మాత్రం నిలిచింది. ఊరికే నోరు జారిన మనిషికి ఎనభై ఒకటి ఏమిటి, మూడేళ్లు వేళ్లు కాయలు కాచేలా రాసిన తనకి పదహారేమిటి అనిపించింది. ఆ మాట తన చెవిన పడేదాకా అది సినిమా అవుతుందని ఆ మనిషికి తెలుసా అనిపించింది. ఆలోచించిన కొద్దీ అది న్యాయంగానే కనబడసాగింది. మనిషి బుర్రకి ఆ పని మహా చాతనవును.

గోడకి కాగితం ఆనించి సంతకం పెట్టింది.

లోపల నజీమా ఒక్కతే యంత్రం తీగలు విప్పుతోంది. వకుళ ఇచ్చిన కాగితం చదివింది. మళ్లీ చదివింది.

"దీంట్ల లోపం లేదు. నీకు తెలుసు."

"తెలుసు మేడమ్."

"కబురు వెళ్లినోళ్లకి, రద్దయితే ఎందుకు రద్దయిందో నేను మళ్లీ కబురు పంపాలె. ఆమెకి ఏమని రాయమంటవు?"

వకుళ కలం మూత బిగించి జేబులో పెట్టుకుంది.

"ఆ మాటలు ఆవిడవి కావని రాయండి."