పెరూ చూడని మొక్క

“ప్రొఫెసర్ తన అద్దాల తోటలో బాంబు పెట్టాడు. గోడ అవతల హాల్లో శాంతి సమావేశం. వెతికి ఆపు. ఓవర్.”

గుండీలోని రేడియోలో బాస్ గొంతు ఆగింది. తోటమాలి వేషంలో ఏజెంట్ ఉడుము లోపల అడుగు పెట్టాడో లేదో, వెనక ఇనుప తలుపు ధన్‌మని మూసుకుంది. పట్టు పడితే వదలడని డిపార్ట్‌మెంట్ అతనికి ముద్దుగా పెట్టిన పేరది. ఇప్పుడు అతనే దొరికిపోయాడు, ఖర్మ!

“తలుపు ముట్టుకోకు! తోస్తే పేలుతుంది.”

సిల్క్! ప్రొఫెసర్‌కి అసిస్టెంటుగా ముఠాలో చేరిన అందాల డబుల్ ఏజెంట్. చేతులు నీళ్ళ పైపుకి కట్టేసి ఉన్నాయి.

“నా గుట్టు బయటపడింది. వాడి మొహం మండ! బాంబు పెరూ మొక్క కింద పెట్టానని ఫోన్లో అంటుంటే విన్నా.”

చుట్టూ వందల కుండీలు. గాలి ఆడని ఉక్క. ఉడుముకి నిజంగానే భయం వేసింది. లేబుళ్ళు చదువుతూ పరుగెత్తాడు.

“స్కిల్లా పెరూవియానా! దొరికింది!”

కుండీ బోర్లించాడు. మట్టి తప్ప ఏమీ లేదు.

“పెరూవియానా అంటే పెరూదనేగా?”

“మాటకి అర్థం అదే. కానీ అది పుట్టింది మధ్యధరా తీరంలో. ‘పెరూ’ అనే ఓడలో వచ్చిందట, పేరు పెట్టినాయన దేశం అనుకున్నాడట.”

“మరి దిద్దలేదా?”

“మొక్కల శాస్త్రంలో ముందు పెట్టిన పేరే ఖాయం. తప్పని తెలిసినా మార్చరు. అదో చాదస్తం!”

ఉడుము ఆగిపోయాడు. “ప్రొఫెసర్‌కీ ఈ సంగతి తెలుసుగా? వాడు లేబుల్ చూసి మాట్లాడడు. ఇక్కడ నిజంగా పెరూ వైపు పుట్టింది ఏది?”

సిల్క్ మొహం పాలిపోయింది. “అయ్యో, నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ మూల... సొలానమ్ ట్యూబరోసమ్. దుంపలున్నదని అర్థం. సొలానమ్ అంటే ఉపశమనం అంటారు.”

“ఉపశమనమా! తెలుగులో చెప్పు తల్లీ!”

“బంగాళాదుంప!”

“అది బెంగాల్‌ది కాదూ?”

“పేరు నమ్మావో, పోయావ్!”

ఆకుల కింద ఎర్ర అంకెలు మెరుస్తున్నాయి. మూడు. పెన్నులోంచి కటర్ తీశాడు. రెండు. తీగతో పాటు ఓ దుంప కూడా అడ్డొచ్చింది. రెండూ కలిపి కోసేశాడు. గడియారం ఒకటి దగ్గర ఆగిపోయింది.

సిల్క్ ఏడుస్తూ నవ్వింది. గుండీలో బాస్ గొంతు పలికింది.

“ఉడుమూ, రిపోర్ట్!”

“దుంప తెగింది సార్. ఇక తలుపు తీయించండి.”