పారబోసిన కణాలు

ఆస్పత్రి పార్కింగులో, రహస్య కబుర్లు మోసే కొరియర్ స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోతున్నట్టే ఉన్నాడు. మెడ మీద సూదిమొనంత ఎర్రచుక్క కనబడ్డాకే, చంపేశారని షావుకారుకి అర్థమైంది. కొరియర్ ఫోనులో చెప్పిన ఆఖరి మాట ఒక్కటే: "సంచి మంచిది కాదు."

షావుకారు అన్నది గూఢచారుల ఆఫీసు పెట్టిన పేరు. బేరీజు వేయందే ఏ పనిలోనూ దిగడు. ఇవాళ్టి వేషం, లిక్విడ్ నైట్రోజన్ సిలిండర్లు తెచ్చే సప్లయర్. నీలం యూనిఫాం, చెవిలో ఇయర్‌పీసు, జేబులో ఆఫీసు ఇచ్చిన పెన్ను. అందులో కెమెరా, మైకు, ఇంకా ఏవేవో ఉన్నాయని గ్యాడ్జెట్ల విభాగం గంటసేపు ఊదరగొట్టింది.

ఇయర్‌పీసులో డిప్యూటీ గొంతు. "మన చీఫ్ రక్తంలోంచే తీసి, క్యాన్సర్ మీద పోరాడేలా మార్చిన కణాలు ఆ సంచిలో ఉన్నాయి. మధ్యాహ్నం ఎక్కిస్తారు. శత్రువులు అందులో ఏదో కలిపారని కొరియర్ అన్నాడు. కలపలేదని నెమలి కబురు పంపింది."

"ఆపేస్తే?"

"ఇంకో సంచి తయారయ్యేదాకా ఆయన ఉండడు."

ఎక్కిస్తే ఒక నష్టం, ఆపితే ఇంకో నష్టం. పైగా ఆ చీఫ్, షావుకారుకి సొంత బాబాయి.

నెమలి ఆ ఆస్పత్రిలో డాక్టరు. పట్టుచీర మీద తెల్లకోటు వేసుకుని నడిస్తే వార్డు వార్డంతా తిరిగి చూస్తుంది. శత్రువుల దగ్గర తమ మనిషినని నమ్మించి, వాళ్ల గుట్టు ఇటు చేరవేసే డబుల్ ఏజెంట్. రెండువైపులా తిరగడమే ఆమె పని కాబట్టి, ఎటు తిరిగినా ఆఫీసులో ఎవరూ అనుమానించరు.

షావుకారు తిన్నగా రెండో అంతస్తు ల్యాబుకి వెళ్లాడు. అక్కడ సైంటిస్టు అతని వదినే. సంచిలోంచి తీసిన శాంపిల్‌ని పొద్దుటినుంచీ పరీక్షిస్తోంది.

"రా మరిదీ. యూనిఫాం బాగా నప్పింది. ఈ ఉద్యోగం ఊడినా బతికేస్తావు."

"ఎగతాళి తర్వాత వదినా. కొరియర్ పోయాడు."

ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది. స్క్రీను అతనివైపు తిప్పింది.

"మామూలు టెస్టంటే బస్తా మొత్తం పిండి పట్టించి రంగు చూడటం. పుచ్చుగింజలు నాలుగున్నా తెలియదు. నా మెషీన్ అలా కాదు. ఒక్కో కణాన్ని ఒక్కో నీటిబొట్టులో బంధించి, అందులో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడిగా చదువుతుంది. ఈ చుక్కల్లో ఒక్కోటి ఒక్కో కణం. అన్నీ చిన్నమామయ్యవే. సంచి శుభ్రం."

అంటే నెమలి చెప్పింది నిజం. షావుకారు గుండె కుదుటపడాలి. పడలేదు. సరుకు మరీ శుభ్రంగా కనిపిస్తే, ఎవరో ముందే చెరిగారన్నమాట.

"తాలు ఏది వదినా?"

"ఏం తాలు?"

"నాకు చూపించే ముందు పారబోసింది."

"చచ్చిన కణాలు, డబ్లెట్లు. ఒక్కోసారి ఒకే బొట్టులో రెండు కణాలు పడతాయి. అప్పుడు రెండు రకాల గుర్తులూ ఒకే చుక్కలో కనిపిస్తాయి. వాటిని సాఫ్ట్‌వేరే తీసేస్తుంది. ప్రపంచమంతా అంతే చేస్తారు."

"ఆ సంగతి శత్రువులకీ తెలుసుగా."

వదిన కీబోర్డు దగ్గరికి జరిగింది. తీసేసిన చుక్కలన్నీ వెనక్కి తెప్పించింది. మూలన చిన్న మరకలా ఓ గుంపు తేలింది. దాన్ని పెద్దది చేసి లెక్క చూసింది.

"నిజంగా జంటలైతే లోపలి సరుకు దాదాపు రెట్టింపు ఉండాలి. వీటిలో ఒక కణానికి సరిపడేదే ఉంది. ఇవి జంట వేషం వేసిన ఒంటి కణాలు మరిదీ. ఒంట్లో పడితే సాయంత్రానికి ప్రాణం తీస్తాయి. క్యాన్సరే చంపిందనుకుంటాం."

"ఏరేయగలవా?"

"గుర్తు దొరికిందిగా, ఏరేస్తాను. ముందు సంచి నా చేతికి రావాలి."

ఇయర్‌పీసు గరగరలాడింది. "ఎక్కించే టైము ముందుకు జరిపారు. నెమలి ఆర్డరు. ఆ గదిలో ఎవరి ఫోనూ కలవడం లేదు, జామర్ పెట్టినట్టుంది."

షావుకారు మెట్లమీద పరుగెత్తాడు. గది ముందు ఆఫీసు కాపలావాడు యూనిఫాం చూసి పక్కకి తప్పుకున్నాడు. లోపల బాబాయి కళ్లు మూసుకుని పడుకున్నాడు. స్టాండుకి సంచి వేలాడుతోంది. ట్యూబులో లేతగులాబీ రంగు ద్రవం మెల్లగా కిందికి దిగుతోంది.

"చలి ముందే వచ్చిందట," అన్నాడు షావుకారు కోడ్ మాటగా.

"దుప్పటి నా దగ్గరుంది," అంది నెమలి చిరునవ్వుతో.

పొల్లుపోని జవాబు. అందుకే, మరీ శుభ్రమైన సరుకులా, అతనికి నమ్మబుద్ధి కాలేదు.

ట్యూబులో ద్రవం బాబాయి మోచేతి దాకా వచ్చేసింది. షావుకారు జేబులోంచి పెన్ను లాగి, ట్యూబు మడిచి, క్లిప్పుతో బిగించేశాడు. సూదికి జానెడు దూరంలో ద్రవం ఆగింది.

నెమలి కోటులోంచి చిన్న పిస్తోలు బయటికొచ్చింది. "క్లిప్పు తియ్యి."

షావుకారు రెండు చేతులూ క్లిప్పు మీదే ఉన్నాయి. అయినా బేరానికి నోరుంటే చాలు.

"కాల్చండి డాక్టరుగారూ. కానీ మా వదిన ల్యాబు రిపోర్టు మీ పేరుమీద మీవాళ్లకి పంపేసింది. ఆ కణాల గుట్టు మీరే మాకు అమ్మారని ఈపాటికి నమ్మేసుంటారు. ఈ తలుపు దాటితే మిమ్మల్ని వేటాడేది వాళ్లే. మా జైల్లోనైతే తలుపుకి తాళం ఉంటుంది."

ఆమె కళ్లలో మొదటిసారి భయం కనిపించింది. తనలో ఉన్నంత భయం ఆమెలోనూ ఉందని షావుకారు తూచుకున్నాడు. ఆమె పిస్తోలు మంచం మీద పడేసింది. కాపలావాడు ఆమెను తీసుకెళ్లాడు.

బాబాయి ఒక కన్ను తెరిచాడు. "నిజంగానే పంపిందట్రా మీ వదిన?"

"లేదు బాబాయ్. నెమలి సంగతి వదినకింకా తెలియనే తెలీదు."

"దాన్ని పిలిచి సంచి ఇవ్వు. ఇక ఆ క్లిప్పు వదులు."

"వదలడం రావట్లేదు బాబాయ్."

వదిన వచ్చి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి సంచి తీసుకెళ్లింది. కణాలు ఏరేసరికి పొద్దు వాలింది. బాబాయికి మంచివే ఎక్కాయి.

వారం తర్వాత గ్యాడ్జెట్ల విభాగం పెన్ను పనితీరు మీద నివేదిక అడిగింది. షావుకారు ఒకే ముక్క రాసిచ్చాడు: క్లిప్పు గట్టిది.