ఇద్దరికీ ఒకే ఇంటర్వ్యూ

"మీ రేటు చెప్పండి," అని అడిగి ఆ అమ్మాయి నోరు మూసుకుంది.

ఇంటర్నేషనల్ బిజినెస్ మొదటి సంవత్సరం, బేరాల క్లాసు. ఉత్తుత్తి బేరంలో ఆమె విదేశీ కొనుగోలుదారు. ఆమె క్లాసులోనే చదివే అతను టైల్స్ ఎగుమతి చేసే వ్యాపారి. రేటు చెప్పాడు. ఆమె రెప్ప వేయకుండా చూసింది. అతనికి చెమట పట్టింది. ఐదు శాతం తగ్గించాడు. ఆమె పెదవి కదపలేదు. పది తగ్గించాడు. చివరికి ఓడ ఖర్చు కూడా తనదేనన్నాడు.

క్లాసంతా గొల్లుమంది. ఆ సాయంత్రానికి అతని పేరు 'డిస్కౌంట్' అయిపోయింది.

మర్నాడు మెట్ల దగ్గర ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు.

"అంత పొగరేంటండీ? ఒక్క మాటైనా మాట్లాడొచ్చుగా!"

"పొగరు కాదు, భయం. అందరూ చూస్తుంటే నాకు గొంతు పెగలదు."

"మరి నా టైల్స్ అప్పనంగా కొట్టేశారే?"

"నేనేం అడగలేదు. మీరే ఇచ్చేశారు."

అతనికి నవ్వొచ్చింది. ఆమెకీ.

ఆ రోజే ఒప్పందం కుదిరింది. ఆమె చేత మాట్లాడించే పని అతనిది, అతని చేత కాగితాలు చదివించే పని ఆమెది. క్యాంటీన్లో అతను రోజుకో దేశపు వ్యాపారి అయ్యేవాడు. ఒకరోజు ముఖం మీదే కొట్టినట్టు మాట్లాడేవాడు. ఇంకోరోజు అరగంట ఇంట్లోవాళ్ల క్షేమం అడిగితే గానీ సరుకు మాట ఎత్తేవాడు కాదు. ఆమె వంతు వచ్చేసరికి ఒప్పంద పత్రం ముందు పెట్టేది.

"దారిలో సరుకు పాడైతే నష్టం ఎవరిది?"

"ఓడవాళ్లది."

"ఇక్కడ మీదని రాసుంది! మళ్లీ చదవండి."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

"ప్రపంచమంతా మీకు తెలియక్కర్లేదు," అనేవారు లెక్చరర్ మేడమ్. "ఎదుటి మనిషి తనకి తెలిసిన ప్రపంచంలోంచి మాట్లాడుతున్నాడని గుర్తుంటే చాలు."

చివరి ఏడాది ఉద్యోగానికి మనుషుల్ని ఎంచుకోవడానికి ఒక సరుకు రవాణా కంపెనీ కాలేజీకి వచ్చింది. విదేశీ శాఖలో రెండేళ్ల ఉద్యోగం, ఒక్కటే. ఆఖరి జాబితాలో మిగిలింది వీళ్లిద్దరే.

ఇంటర్వ్యూకి ముందురోజు జోరున వాన. తప్పుకుంటానని ఉత్తరం రాసుకుని అతను ఆఫీసు గదికి వెళ్తుంటే, ఆమె వరండాలో పట్టుకుంది. కాగితం లాక్కుని చదివింది.

"ఏంటిది?"

"అంత దూరం నాకిష్టం లేదు."

"అబద్ధం. నిన్న కూడా ఆ ఊరి మ్యాప్ చూస్తూ కూర్చున్నావు."

"నీకు రావాలనే..."

"అంటే నీతో పోటీపడి గెలవలేననా?" ఆమె కళ్లు నిండాయి. "ఇన్నాళ్లూ మాట్లాడు మాట్లాడు అని చంపావు. తీరా నేను మాట్లాడే రోజున నాకు దానం చేస్తావా?"

అతను ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. "సారీ," అన్నాడు.

ఇంటర్వ్యూలో తెర మీద మూడు దేశాల నుంచి ముగ్గురు. "కస్టమర్ వారం రోజులుగా జవాబివ్వకపోతే ఏం చేస్తారు?" అని ఇద్దర్నీ అడిగారు. ఇంకాస్త మంచి రేటు పంపుతానన్నాడు అతను. "ముందు ఫోన్ చేసి అంతా బాగున్నారా అని అడుగుతాను. సరుకు సంగతి ఆ తర్వాతే," అంది ఆమె.

ఉద్యోగం ఆమెకొచ్చింది.

అతని మనసు చివుక్కుమన్న మాట నిజమే. కానీ మెట్లు రెండేసి చొప్పున దిగి వస్తున్న ఆమెని చూడగానే, ఆ సంతోషం తనదే అనిపించింది. నెల తిరక్కుండా అతనికీ రేవులో ఎగుమతి పత్రాలు చూసే ఉద్యోగం దొరికింది.

"నువ్వంటే ఇష్టం," అన్నాడు బస్టాపులో, ఉన్నట్టుండి. "వెళ్లొద్దని కాదు. వెళ్లేముందు తెలియాలని."

ఆమె అతని వైపు తిరిగింది. "నాక్కూడా. ఇదే మాట మా అమ్మతో చెప్పగలవా?"

వాళ్లమ్మ టైలరు. ఇంటి ముందు గదే కొట్టు. కూతురి ప్రయాణానికి మందపాటి కోటు కుడుతోంది. అతను చెప్పిందంతా విని మిషను ఆపింది.

"రెండేళ్లు ఆగుతావా?"

"ఆగుతానండీ."

"మధ్యలో దాన్ని వచ్చేయమంటావా?"

"అననండీ."

ఆవిడ మెడలోంచి టేపు తీసింది. "చేతులు చాపు బాబూ. నువ్వు రాసుకోవే," అంది కూతురితో.

"ఇప్పుడు కొలతలెందుకమ్మా?"

"ప్రస్తుతానికి ఆఫీసుకో చొక్కా కుడతాను. నువ్వు తిరిగొచ్చాక పెళ్లి బట్టలకి మళ్లీ కొలుస్తాలే."

ఆమె గబుక్కున పుస్తకంలోకి తలదించుకుంది.

"చెయ్యి పొడవు ఎంతన్నావమ్మా?"

"ఇంకా కొలవనే లేదే!" అంది తల్లి, నవ్వుతూ.