ఎదురుగాలి లెక్క

"దూరం ఒకటే కదండీ! వెళ్ళడానికి పదమూడు గంటలు, రావడానికి పదిహేనా? వచ్చేటప్పుడు భోజనానికి ఎక్కడైనా ఆపుతారా?"

ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు బుక్ చేసే అమ్మాయి తలెత్తి చూసింది. పక్క వీధి కళ్ళజోళ్ళ షాపతను.

"సముద్రం మీద, అంత ఎత్తులో, గాలి ఎక్కువగా ఒకవైపే వీస్తుందండీ. వెళ్ళేటప్పుడు వెనకనుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. మీరెప్పుడూ సైకిల్ తొక్కలేదా?"

"తొక్కాను. టికెట్ మేడమ్‌కి ఇంత కోపమని తెలిస్తే దానిమీదే వెళ్ళేవాణ్ణి."

ఆ రోజు టికెట్ కొనలేదు. ఆ తర్వాత వారం వారం వచ్చి ధర కనుక్కోవడం, ఏ లోపమూ లేని తన కళ్ళకు పరీక్ష చేయించుకోవాలని ఆమెకు బుద్ధి పుట్టడం, ఇవన్నీ మీరు ఊహించుకోగలరు. వదిలేద్దాం.

చివరికి నిజంగానే కొన్నాడు. అతణ్ణి పెంచి పెద్దచేసిన అక్క సముద్రానికి అవతల ఉంటుంది. ఆవిడ మాట దాటడు.

"అక్క మన పెళ్ళికి ఒప్పుకుంటే విమానం దిగి నేరుగా మీ ఇంటికే."

"ఒప్పుకోకపోతే?"

"ఫోన్ చేస్తా."

"వద్దు. ఆ మాట ఫోన్లో వినలేను. మీరు రాకపోతే నేనే అర్థం చేసుకుంటా."

అన్నప్పుడు గొప్పగానే ఉంది. అనుభవించే వంతు ఈరోజు వచ్చింది.

నాలుగింటికల్లా గుమ్మంలో ఉంటాడని అమ్మకు చెప్పింది. వేళ్ళు మడిచి లెక్కేసి మరీ చెప్పింది. నాలుగైంది. వాన మొదలైంది. వీధిలో కారు ఆగినప్పుడల్లా లేవడం, పక్కింటివాళ్ళదని తెలిసి కూలబడటం. మధ్యలో కర్టెన్ నలిగిపోయింది.

"టీ మళ్ళీ వేడి చెయ్యనా?" అంది అమ్మ.

"ఎవరికమ్మా?"

ఐదున్నరకు జూకాలు తీసి డబ్బాలో పెట్టేసింది.

"ఇంక రాడులే అమ్మా. వాళ్ళక్క వద్దనుంటుంది." కళ్ళు తుడుచుకుంది.

అమ్మ జీవితంలో మొదటిసారి సలహా ఇవ్వకుండా పక్కన కూర్చుంది.

ఆరవుతుండగా బెల్ మోగింది. తలుపు తీస్తే అతనే! తడిసి ముద్దయి, కళ్ళజోడు నిండా నీళ్ళతో, పెట్టెతో సహా.

"ఏడ్చారా?"

"నేనెందుకేడుస్తా? నాలుగింటికి రావలసిన మనిషి ఇప్పుడా రావడం?"

"నాలుగింటికా? విమానం టైముకే దిగిందే! పదిహేను గంటలు..." ఆగిపోయాడు. "మేడమ్, కొంపదీసి వెళ్ళినప్పటి గంటలు లెక్కేశారా?"

ఆమె మళ్ళీ వేళ్ళు మడిచి లెక్కేసి, నాలుక కరుచుకుంది.

"ఎదురుగాలి పాఠం చెప్పి నన్ను కసిరింది మీరేనా?"

"అదంతా తర్వాత. మీ అక్కగారేమన్నారు?"

"వచ్చానుగా!"

ఆమె మళ్ళీ ఏడ్చింది. ఈసారి దాచుకోలేదు.

వెనకనుంచి అమ్మ అతనికి తువ్వాలు అందించి, కూతురివైపు తిరిగింది.

"నీ లెక్కలు ఇలా తయారయ్యాయంటే పెళ్ళి త్వరగా చేసెయ్యాలే. లేకపోతే ఊళ్ళో సగం మందికి విమానాలు తప్పిపోతాయి."